రాయి తాగనన్న నీళ్ళు

బెంగళూరు వాళ్ళకు రాయంటే ఒకటే రాయి. సుత్తి దెబ్బకు నిప్పులు రాల్చేది, పునాదికి వేసేది, ఊరవతల క్వారీల్లో నిలువు గోడలా నిలబడేది. ఆ రాతిలో బోరు వేయించి, వెయ్యి అడుగులు దిగినా దుమ్మే వచ్చిన ఇళ్ళు వీధికి రెండు ఉంటాయి. అలాంటి ఊళ్ళో, పీణ్యలో, లేతు షెడ్డుకూ రంగుపూత షెడ్డుకూ మధ్య ఇరుక్కున్న ఒక పొడుగాటి గదిలో కూర్చుని, రాయి నీళ్ళు తాగుతుందని ఇరవై ఆరేళ్ళుగా చెబుతూ వచ్చిన మనిషి పాపక్క. వీధి చివర టీ అంగడివాడు మస్తాన్ రోజూ అడిగేవాడు: "ఏం పాపక్కా, ఈపొద్దు మీ రాయి ఎన్ని లోటాలు తాగింది?"

"నీ టీ తప్ప అన్నీ తాగుతాదిలేప్పా" అనేది ఆమె.

ఆ గది రాళ్ళను పరీక్షించే ల్యాబు. ఎక్కడెక్కడి నుంచో భూమిలో తొలిచి తీసిన రాతి ముక్కలు అక్కడికి వస్తాయి. బొటనవేలికన్నా కాస్త లావు, మూడంగుళాల పొడుగు, గుండ్రంగా, నున్నగా. ఇంజనీర్లు వాటిని కోర్ అంటారు. పాపక్క కండె అంటుంది. దొడ్డబళ్ళాపురం మగ్గాల ఇంట పుట్టి, ఏడో ఏటి నుంచే రాట్నం ముందు దారం కండెలు చుట్టిన చేతికి అలాంటి ఆకారంలో ఏది దొరికినా కండే మరి.

మగ్గం నేసినవాళ్ళ గురించి చాలామంది రాశారు గానీ పట్టు ఉడకబెట్టేవాళ్ళను ఎవరూ పట్టించుకోలేదు. పచ్చి పట్టు గరుగ్గా ఉంటుంది, దాన్ని బంక పట్టి ఉంచుతుంది. సోడా వేసిన వేడినీళ్ళలో ముంచితే బంక వదులుతుంది. ఎక్కువ మునిగితే దారమే వదులైపోతుంది. పాపక్క తల్లి అంజినమ్మ ఆ పని చేసేది. ప్రతి వాయి తర్వాత పారబోసే నీళ్ళలోంచి ఒక గాజు గ్లాసు తీసి, గోడ మీద పెట్టి, తేటతేరేదాకా కూర్చునేది. అడుగున పేరుకున్నదాన్ని ఎండకేసి చూసి, సోడా ఎక్కువైందో చాలిందో చెప్పేది. దారాన్ని మాత్రం అంతసేపు చూసేది కాదు. ఆ అలవాటు కూతురికి వచ్చింది. పీణ్య ల్యాబులో, కిటికీ గట్టు మీద, మూతలు బిగించిన జామ్ సీసాలు వరసగా నూట పద్దెనిమిది ఉన్నాయి. ఒక్కో సీసాలో ఒక్కో రాయిలోంచి వచ్చిన నీళ్ళు, మీద చీటీ. ఇవి పారేయమని చెప్పని మేనేజరు లేడు, పారేసిన పాపక్కా లేదు.

ఆమె అక్కడికి వచ్చింది సీసాలు కడగడానికే. ల్యాబు పెట్టిన కృష్ణప్ప మాత్రం మనుషుల చేతులు చూసి పని ఇచ్చే రకం. ఒకరోజు పంపు నడిపేవాడు రాకపోతే, "ఏమ్మా, ఆ వాల్వు మెల్లగా తిప్పు" అన్నాడు. ఆమె తిప్పింది. దారం తెగకుండా కండె తిప్పినంత మెల్లగా తిప్పింది. మరుసటి వారం నుంచి పంపు ఆమెదే. పరీక్షకు పుస్తకం ఎట్లా రాయాలో నేర్పింది కూడా ఆయనే. చూసింది చూసినప్పుడే రాయాలి. తప్పు పడితే మీద ఒకే గీత, కింద ఉన్న అంకె కనబడేట్టు. పేజీ చించకూడదు. ఆమె తెలుగు మాటను కన్నడ అక్షరాల్లో రాసేది. కృష్ణప్ప నవ్వి, "బాగుందమ్మా, రెండు రాష్ట్రాలవాళ్ళూ చదవచ్చు" అన్నాడు.

కృష్ణప్ప పోయి మూడేళ్ళు. ఇప్పుడు కొడుకు కిరణ్ చూసుకుంటున్నాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. తండ్రి కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ ఆ కుర్చీ తనకు పెద్దదైనట్టు కదిలే మనిషి. ల్యాబుకు పనులు తగ్గాయి. అలాంటప్పుడు ఈ పెద్ద పని వచ్చింది.

గోదావరి పక్కన ఎక్కడో ఒక కంపెనీ భూమిలోంచి వేడినీళ్ళు తోడి కరెంటు తీయాలనుకుంటోంది. వేడినీటి ఊటల్లో మునిగితే ఒళ్ళునొప్పులు పోతాయని యాత్రికులు వందల మైళ్ళు నడిచిపోయిన దేశం మనది. ఆ వేడిని పైపుల్లోకి ఎక్కించే ఆశ ఇప్పుడు. కానీ తోడుకున్న నీళ్ళను తోడుకున్నట్టు పారబోస్తే కుదరదు. వేడి తీసుకుని, చల్లారిన నీళ్ళను మళ్ళీ భూమిలోకే పంపాలి. లేకపోతే అడుగున ఉన్న ఇసుకరాయి ఎండుతుంది, బావి నీరసిస్తుంది. పంపిన నీళ్ళను ఆ ఇసుకరాయి తాగుతుందా? ఎన్నేళ్ళు తాగుతుంది? అదే ప్రశ్న. జవాబు కోసం ఐదు కండెలూ, ఆ బావిలోంచే తీసిన ఉప్పునీళ్ళ డ్రమ్ములూ లారీలో పీణ్యకు వచ్చాయి. ఒక కండె దారిలోనే విరిగింది. రెండు మొదటి పరీక్షలకు అయిపోయాయి. నాలుగోది ఇప్పుడు యంత్రంలో ఉంది. ఐదోది బీరువాలో.

యంత్రమంటే పెద్ద మాట. ఒక ఉక్కు గొట్టం, లోపల రబ్బరు తొడుగు, తొడుగులో కండె. దాన్ని వేడిగా ఉంచే పెట్టె, నీళ్ళు పక్కకు కారకుండా బిగించే వాల్వు. ఒక కొసన పంపు నీళ్ళు నెడుతుంది, రెండో కొసన బొట్టుబొట్టుగా బయటికొస్తాయి. నెట్టడానికి ఎంత బలం పట్టిందో గడియారంలాంటి మీటరులోని సూది చెబుతుంది. రాతిలో దారులు తెరుచుకుని ఉంటే సూది కింద ఉంటుంది, మూసుకుంటే పైకి పోతుంది. మంగళవారం నుంచి శుక్రవారం దాకా సూది నాలుగు మీద కదలకుండా నిలబడింది. బయటికొచ్చిన నీళ్ళు అద్దంలా ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం డ్రమ్ము అడుగంటింది. కొత్త డ్రమ్ములు తెచ్చే లారీ ఎక్కడో చెడిపోయి ఆగిందని ఫోను వచ్చింది.

"పాపక్కా, కూలర్ మీద క్యాన్ ఉంది కదా, అది పోసెయ్" అన్నాడు కిరణ్. "ప్యూర్ వాటర్. ఇంకా మంచిదే."

"మంచిది మనకప్పా. ఈ రాయి పుట్టినకాడ్నుంచి ఉప్పునీళ్ళలో ఉండాది. పంపు ఆపి లారీ కోసరం కాచుకుందాం."

"ఆపితే రన్ వేస్ట్ అవుతుంది. సోమవారం పది గంటలకి క్లయింట్ వస్తున్నారు. నీళ్ళు నీళ్ళే పాపక్కా."

"నువ్వు చెప్తే పోసినానని రాస్తా."

"రాసుకో!" అని నవ్వాడు.

రాసింది. 'శుక్రవారం మూడు పది. డ్రమ్ము నీళ్ళు ఒక లీటరు, క్యాను నీళ్ళు ఐదు లీటర్లు, కలిపి పోసినాను. కిరణ్ చెప్పినాడు.' ఎదురు చెప్పి కూడా చివరికి పోసింది తనే. ఆ సంగతి ఆ తర్వాత ఆమెను కుట్టినంతగా ఇంకేదీ కుట్టలేదు.

నాలుగున్నరకు సూది ఆరు. ఐదున్నరకు పదకొండు. ఆరుకు పద్నాలుగు. బొట్లు పడటం తగ్గింది. పడినవి కూడా బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా ఉన్నాయి. పాపక్క ఒక సీసా పట్టి, మూత బిగించి, చీటీ అంటించి, గట్టు మీద పెట్టింది.

శనివారం పొద్దున లారీ వచ్చింది. మూడు డ్రమ్ముల బావినీళ్ళు, వాటితోపాటు వడగట్టిన ఏటినీళ్ళ క్యాన్లు రెండు. అవి ఇంకో పరీక్ష కోసమట. కిరణ్ హమ్మయ్య అనుకుని మళ్ళీ ఉప్పునీళ్ళు ఎక్కించాడు. సూది దిగుతుందని సాయంత్రం దాకా దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పద్నాలుగు. పదమూడున్నర. మళ్ళీ పద్నాలుగు. ఒకసారి గొంతులో ఇరుక్కున్నది ఉప్పు పోసినంత మాత్రాన లేచిపోదు.

అప్పుడు అన్నాడు: "పాపక్కా, ఒక్క లైన్ రాయి. శుక్రవారం వాల్వు సరిగ్గా బిగించలేదు, పొరపాటు నాది, మూడు గంటల తర్వాతి రీడింగులు తీసుకోవద్దు. అంతే. కింద సంతకం. రిపోర్టులో మంగళవారం నుంచి శుక్రవారం మూడింటి దాకా చూపిస్తాం. అది నిజమే కదా?"

"వాల్వు బిగించింది నేనే. బిగించలేదని ఎట్ల రాసేది?"

"ఎవరూ నిన్నేమీ అనరు."

"అనరులే. పుస్తకంలో ఉంటాది."

కిరణ్ ముఖం ఎర్రబడింది. "ఈ పని పోతే ల్యాబుకు తాళమే. నాన్న పెట్టిన ల్యాబు. అది కావాలా, నీ పుస్తకం కావాలా? సోమవారం పదింటిలోపు ఆ లైన్ లేకపోతే మంగళవారం నుంచి రావద్దు."

ఆదివారం లగ్గెరె ఇంట్లో, రాగిముద్ద చేత్తో నొక్కుతూ మొగుడు కదిరప్ప అంతా విన్నాడు. పీణ్యలో ముప్పై ఏళ్ళు లేతు మిషన్ నడిపి, మానేసినవాడు. పాపక్క యంత్రానికి ఆ ఉక్కు గొట్టం మూతలు లేతు మీద తిప్పి చేసిచ్చింది కూడా అతనే. ఇంట్లో ఎప్పుడూ ఎకసెక్కమే.

"నన్ను కట్టుకునే బదులు ఆ రాయినే కట్టుకునింటే సరిపోయేది. అదైతే నీళ్ళు పోసినంత సేపూ మాట్లాడకుండా తాగుతాది."

"ఇప్పుడు అదీ తాగేది లేదంటా ఉండాది."

కదిరప్ప నవ్వలేదు. ఎడమ చెయ్యి తిప్పి అరచేయి చూపించాడు. అడ్డంగా తెల్లటి మచ్చ, బొటనవేలి కింద నుంచి చివరిదాకా. ఎన్నో ఏళ్ళ కిందట పాత మిషన్‌లో ఇనుమును పట్టి ఉంచే బిగింపు పళ్ళు ఊడి వచ్చి కోసిన గాయం. ఆ పళ్ళు అరిగినాయని వారం ముందే చెప్పాడు. ఆస్పత్రిలో కట్టు కడుతుండగా యజమాని కాగితం పట్టుకొచ్చాడు: 'నేనే సరిగ్గా బిగించలేదు.' కదిరప్ప కుడి చేత్తో సంతకం పెట్టాడు.

"ఊరికే ఒక్క లైన్ అనే చెప్పినాడు నాకు కూడా" అన్నాడు. "ఆ తర్వాత షెడ్డులో ఏది విరిగినా, కదిరప్ప ఉన్నాడా ఆపొద్దు అని అడిగేవాళ్ళు. నేను సెలవులో ఉన్నా అడిగేవాళ్ళు. కొత్త మిషన్ మీద చెయ్యి పెట్టనీలేదు మళ్ళీ."

"నాకెప్పుడూ చెప్పలేదే ఈ మాట!"

"చెప్పుకునేదా అది?" అని ముద్ద ముగించి లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "సంతకం పెట్టినావో, వచ్చే ఆదివారం ముద్ద నువ్వే చేసుకోవల్ల" అన్నాడు. ఆ ఇంట్లో ఆదివారం ముద్ద అతనే చేస్తాడు. అది అతని బెదిరింపు.

సోమవారం పది గంటలకు కంపెనీ తరఫున వచ్చింది అంబిక. ముప్పై దాటి ఉండవు. భూమి లోపలి రాళ్ళ చదువు చదివింది, బూట్లకు ఎర్రమట్టి. పుస్తకంలో ఆ లైను లేదు. కిరణ్ పుస్తకాన్ని సొరుగులో పెట్టేశాడు. గోడ మీద గీతల బొమ్మ వేసి, మూడు రోజులపాటు రాయి ఎంత బాగా తాగిందో చెబుతున్నాడు. "పాపక్కా, టీ" అని పిలిచాడు.

పాపక్క టీ తెచ్చింది. పళ్ళెంలో రెండు గ్లాసుల టీ, వాటి పక్కన రెండు జామ్ సీసాలు. ఒకటి అద్దం. రెండోదాని అడుగున వేలెడు మందం తెల్లటి మడ్డి.

"పాపక్కా, తర్వాత" అన్నాడు కిరణ్ పళ్ళ మధ్యన.

అంబిక టీ ముట్టుకోలేదు. రెండో సీసా ఎత్తి వెలుతురుకు పట్టింది. "ఇదేంటి? మా రాయిలోంచి వచ్చిందా?"

"అది హ్యూమన్ ఎర్రర్, మేడం. ఈమె వాల్వు..."

"వాల్వు కాదమ్మా" అంది పాపక్క. "ఉప్పునీళ్ళు అయిపోతే క్యాను నీళ్ళు పోసినాము. వద్దన్నాను, అయినా పోసినాను. పోసిన మూడు గంటలకు రాయి గొంతు మూసుకుంది. ఇసుక గింజల మీద సన్న బంకమన్ను అంటుకోని ఉంటాది. ఉప్పు ఉన్నంతసేపూ పట్టుకోని ఉంటాది. ఉప్పు తగ్గితే వదిలేస్తాది. వదిలింది పోయి సందుల్లో ఇరుక్కుంటాది. మా అమ్మ పట్టు ఉడకేసేటప్పుడు బంక ఇట్లనే వదిలేది. అందుకే తెలిసింది."

"మీది ఏ ఊరు?" అని అంబిక ఉన్నట్టుండి అడిగింది.

"దొడ్డబళ్ళాపురం."

"మాది హిందూపురం" అని ఒక్క క్షణం నవ్వి, మళ్ళీ సీరియస్ అయింది. "కానీ ఇది మీ ల్యాబులో జరిగిన తప్పు. మేం అక్కడ క్యాను నీళ్ళు పొయ్యం కదా."

"కొన్ని నీళ్ళు ఆవిరైపోతాయి కదమ్మా మీకు. అవి తక్కువైతే ఏం పోస్తారు?"

అంబిక సీసా వైపు చూసింది. "ఏటి నీళ్ళు" అంది మెల్లగా. "వడగట్టి. ఎండాకాలం కొంచెమే. గట్టిగా నడిస్తే సగం దాకా."

"ఏట్లో ఉప్పు ఉంటాదా?"

పక్క షెడ్డులో ఎవరో ఇనుము కోస్తున్నారు.

"ఒక్క రన్‌తో మా వాళ్ళు నమ్మరు" అంది అంబిక చివరికి. గొంతులో చిరాకు ఉంది. ఏటినీళ్ళ ప్లాను గీసింది తనే. "అందులోనూ పేపరు మీద ఆపరేటర్ పొరపాటని ఉంటే అసలు చదవరు."

"పేపరు మీద లేదు" అంది పాపక్క. "నేను రాయలే. ఐదో కండె ఉండాది. మీ ఏటినీళ్ళు వచ్చి ఉండాయి. నీ ముందరే పెడతా."

కిరణ్ లేచాడు. "అది లాస్ట్ కోర్! అదీ పోతే చూపించడానికి ఏమీ ఉండదు."

"పోకపోతే నువ్వు చెప్పిన లైను నా చేత్తో రాసిస్తానప్పా. పుస్తకంలో. సంతకం పెట్టి."

ఆ మాట అన్నాక వెనక్కి తీసుకునే వీలు లేదు. అంబిక కిరణ్ వైపు చూసింది. "గురువారం దాకా బెంగళూరులోనే ఉంటా" అంది.

అంబిక వెళ్ళాక కిరణ్ అన్నాడు: "రేపటి నుంచి రావద్దని చెప్పా కదా."

"చెప్పినావు. రేపు ఎనిమిదికి వస్తా. తాళం నా దగ్గరే ఉండాది."

మంగళవారం ఎనిమిదికి వచ్చింది, సొరుగులోంచి పుస్తకం తీసింది. కండెను నానబెట్టింది, తొడుగులో దూర్చింది, పెట్టె వేడి చేసింది. బుధవారమంతా బావినీళ్ళు. సూది నాలుగు. కిరణ్ రెండు రోజులూ ఆమెతో మాట్లాడలేదు. కానీ గంటకోసారి ఏదో వెతుక్కుంటున్నట్టు వచ్చి సూది చూసి వెళ్ళేవాడు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి, అంబిక కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. మొదట మూడు పాళ్ళు బావినీళ్ళు, ఒక పాలు ఏటినీళ్ళు. పది గంటలు, పదకొండు గంటలు. సూది నాలుగు. నీళ్ళు అద్దం.

కిరణ్ ఈల వేయబోయి మానేశాడు. "పాపక్కా, పెన్ను కావాలా?"

"ఉండాదప్పా నాకాడ."

తర్వాత సగం సగం. పన్నెండు గంటలు. సూది నాలుగే. పాపక్క అరచేతులు చీరకు తుడుచుకుంది. అమ్మ గోడ మీద గ్లాసు పెట్టి కూర్చున్నప్పుడు ఎంతసేపు పట్టేదో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. రాయిని తిట్టింది, లోపల్లోపల, దొడ్డబళ్ళాపురం మగ్గాల వీధి తిట్టు. ఇరవై ఆరేళ్ళలో ఏ రాయినీ తిట్టలేదు.

పన్నెండున్నరకు అంబిక అంది: "సగం దగ్గర ఇబ్బంది లేదేమో."

"రాయికి తొందర లేదమ్మా. కూర్చో."

ఒంటి గంట పదికి సూది నాలుగున్నర. కిరణ్ గాజు మీద వేలితో కొట్టాడు. సూది కిందికి రాలేదు. ఒకటిన్నరకు ఆరు. బయటి గొట్టం కింద పట్టిన సీసాలో ఒక బొట్టు పొగలా పరుచుకుంది. ఇంకో బొట్టు. అంబిక మోకాళ్ళ మీద వంగి సీసా దగ్గర ముఖం పెట్టింది. రెండింటికి తొమ్మిది.

"ఆపేద్దామా?" అన్నాడు కిరణ్.

"ఎందుకు? దాని మాట ముగించనీ."

రెండు నలభైకి పదమూడు. అంబిక ఫోనులో సూదిని ఫోటో తీసింది, సీసాను తీసింది. తర్వాత తన ప్లాను కాగితం తీసి, ఏటినీళ్ళ గొట్టం గీసిన చోట ఒకే ఒక గీత కొట్టింది. కింది గీత ఇంకా కనబడుతూనే ఉంది. అది చూసి పాపక్కకు కృష్ణప్ప గుర్తొచ్చాడు.

"మా వాళ్ళతో ఎట్లా చెప్పాలో నాకు తెలీదు" అంది అంబిక. "ఉప్పు కలిపి పొయ్యాలంటే ఒక గొడవ, పొయ్యకపోతే ఇంకో గొడవ. కానీ చెప్తా. మీ పుస్తకంలో శుక్రవారం పేజీ కూడా నాకు కావాలి."

కిరణ్ సూది వైపే చూస్తున్నాడు. తనకు తాను అనుకున్నట్టుగా, "వాల్వు..." అన్నాడు.

"నువ్వే చూడప్పా" అంది పాపక్క.

వెళ్ళాడు. ఉక్కు గొట్టం పక్కన వంగి, వాల్వు మీద చెయ్యి వేసి, బిగించబోయాడు. తిరగలేదు. రెండు చేతులతో ప్రయత్నించాడు. ముఖం ఎర్రబడింది. తిరగలేదు. కదిరప్ప తిప్పిన మూత, పాపక్క బిగించిన వాల్వు.

పాపక్క పుస్తకం ముందుకు జరుపుకుంది. ఎప్పటికప్పుడు రాస్తూ వచ్చిన ఆ పొద్దు అంకెల కింద పేరు రాసింది. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి, శుక్రవారం దగ్గర తెరిచి, పెన్ను అతనికి అందించింది.

"ఇప్పుడు రాయప్పా. ఒక్క లైను."

కిరణ్ ఆమె ముఖం చూశాడు. పెన్ను తీసుకున్నాడు. నిలబడే ఏదో రాశాడు, ఇంగ్లీషులో.

"ఏం రాసినావో చదువు. నాకు ఆ అక్షరాలు రావు."

అతను చదివాడు. "వాల్వు బిగించే ఉంది. నీళ్ళు నేను పొయ్యమన్నా."

"సంతకం?"

పెట్టాడు. పాపక్క పుస్తకం మూసి, కొత్త సీసాకు చీటీ అంటించి, గట్టు మీద చివరన పెట్టింది. మరుసటి రోజు ఎనిమిదికి వచ్చి తాళం తీసింది.